సన్నజాజి అంచు, కుక్కపిల్ల సీడీ

ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీలు నేసే నాగూర్‌కి అరవై దాటేసరికి రెండు కళ్లకీ పొర కమ్మింది. ముడి వేయడానికి ఆయనకి కళ్లతో పనిలేదు, అది వేళ్లకే వచ్చు. చిక్కంతా గళ్ల కాగితంతో. తివాచీలో ఎన్ని ముళ్లో కాగితం మీద అన్ని గళ్లు ఉంటాయి. గడిలో ఏ రంగుంటే ముడి ఆ రంగు ఉన్నితో పడాలి. ఆ గళ్లు ఇప్పుడాయనకి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అలికేసినట్టు కనబడుతున్నాయి.

ఆ కాగితాల్లో ఆయన తండ్రి మస్తాన్ గీసిన సన్నజాజి తీగ ఒకటుంది. తివాచీ నాలుగంచులా ఎక్కడా తెగకుండా పాకే తీగ. మూల దగ్గర మలుపు తిరిగేటప్పుడు పువ్వు నలగకుండా తిప్పడం మస్తాన్‌కి తప్ప ఎవరికీ రాదని పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి రెండో ప్రతి లేదు. ఉన్న ఒక్కటీ మడతల దగ్గర చిరిగి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. తన చూపు పోయేలోగా, ఆ కాగితం పొడయ్యేలోగా తీగని ఎక్కడైనా భద్రం చేయాలన్నదే నాగూర్ బెంగ. నాన్న పూయించిన పువ్వు తన చేతుల్లో వాడిపోతే ఆ పాపం తనదే అనుకునేవాడు.

రెండు వేల ఏడులో ఆ బెంగకి మందు దొరికినట్టే అనిపించింది. కూతురు షాహీన్ తాడేపల్లిగూడెంలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో గుమాస్తా. కాలేజీవాళ్లు కొత్త కంప్యూటర్లు కొని పాతవి వదిలించుకుంటుంటే ఒకదాన్ని అడిగి తెచ్చి పుట్టింట్లో పెట్టింది.

"ఇందులో గడిని ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు నాన్నా" అంది.

ఆ ఒక్క మాటకే నాగూర్ పడిపోయాడు. తీరా చూస్తే అందులో ఉన్నదంతా వైరస్సే. ఆన్ చేస్తే తెల్లమొహం వేసుకుని కూర్చుంటుంది. ఎదురింట్లో అద్దెకుండే ఆనంద్ పాల్‌ని పిలిచారు. ఆయనది కొల్లేరు లంకల్లో ఒక ఊరు. ఏలూరు బస్టాండు దగ్గర కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతాడు.

"కొత్త విండోస్ వేద్దామంటే ఈ మిషన్ మోయలేదండీ. లినక్స్ అని ఉచితంగా దొరికే సిస్టమ్‌లున్నాయి. కొత్తవాళ్లకి సుళువుగా ఉండేవి మూడు తెచ్చాను" అన్నాడు పాల్. "సీడీ పెడితే సీడీలోంచే నడుస్తాయండీ, లోపలేమీ ఎక్కదు. పెళ్లిచూపులనుకోండి. నచ్చినదాన్ని రేపు ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఎక్కించేస్తాను."

మొదటి సీడీ పెద్ద సంబంధం. తాదూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, ఆ కాస్త మెమరీలో అది ఇమడక సగంలోనే చతికిలబడింది. రెండోది చిటికెలో లేచింది. లేస్తూనే స్పీకర్‌లోంచి భౌ భౌమంది.

పక్క గదిలో నమాజుకి వజూ చేసుకుంటున్న హలీమా తడి చేతులతోనే బయటికొచ్చింది.

"ఏవండీ, ఇంట్లోకి కుక్క ఎలా వచ్చిందండీ?"

"కుక్క కాదండీ హలీమా గారూ. ఈ సిస్టమ్ పేరు పప్పీ, అంటే కుక్కపిల్లండీ. లేవగానే అలా అరుస్తుంది. చిన్న మిషన్‌కి దీన్ని మించింది లేదండీ" అన్నాడు పాల్.

"నమాజు చేసుకునే ఇల్లు మాస్టారూ. పేరుకైనా అరుపుకైనా మాకు కుక్క వద్దండీ" అంది హలీమా మెత్తగా. ఆవిడ మెత్తగా అన్నదానికి ఆ ఇంట్లో తిరుగు లేదు. నాగూర్ కుక్కని వెళ్లగొట్టించాడు.

మూడోది బూడిద రంగు తెర. కొంచెం నిదానం, కానీ అరుపూ లేదు, ఆర్భాటమూ లేదు. "గుట్టయిన పిల్లలా ఉంది" అని హలీమా ఒప్పేసుకుంది. సిస్టమ్‌కి గుట్టుంటే చాలదని, జ్ఞాపకం కూడా ఉండాలని అప్పటికి వాళ్లకి తెలీదు పాపం. బొమ్మలు గీసే చోటెక్కడో, రంగు ఎలా ఎంచాలో, గడిని ఎలా పెద్దది చేయాలో చూపించి పాల్ వెళ్లిపోయాడు.

మర్నాడు ఆదివారం. పాల్ వచ్చేదాకా నాగూర్‌కి ఆగాలనిపించలేదు. తెల్లారగానే కాగితం పరుచుకుని కూర్చున్నాడు. తెర మీద ఒక్కో గడీ శనగగింజంత అయింది. కాగితం మీది గళ్లని భూతద్దంతో తడుముకుంటూ, తెర మీద రంగు పెడుతూ పోయాడు. నేతలో లాగే కింది వరస నుంచి పైకి. పొద్దెక్కేసరికి మొదటి పువ్వు విచ్చుకుంది. నాన్న పువ్వుని అంత తేటగా చూసి ఎన్నేళ్లయిందో! ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

మడత విప్పినచోటల్లా కాగితం ముక్కలై రాలుతోంది. హలీమా వాటిని ఏరబోతే, "లోపలికి ఎక్కేసింది కదా, ఇంక ఆ చెత్తెందుకు? పొయ్యిలో పారెయ్యి" అన్నాడు. ఆవిడ నీళ్ల పొయ్యిలో పడేసింది. మూల మలుపు కూడా తిరిగిపోయి, అంచు పూర్తయిందనుకుంటుండగా కరెంటు పోయింది.

కాసేపటికి కరెంటొచ్చింది. బూడిద రంగు తెరా వచ్చింది. దాని మీద పువ్వు లేదు, ఆకు లేదు, తీగ లేదు. పొయ్యిలో బూడిద మాత్రం ఉంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

చర్చి నుంచి తిన్నగా వచ్చిన పాల్ సంగతి విని తల పట్టుకున్నాడు. "చూడ్డానికి పెట్టింది కదండీ! ఎక్కించేదాకా అందులో ఏం చేసినా మిగలదు. గట్టిగా చెప్పాల్సింది నేను."

"కట్టిన ముడి దీపం ఆరితే ఊడిపోద్దా మాస్టారూ?" అన్నాడు నాగూర్. ఆయన బతుకంతా అంతే. కట్టింది కట్టినట్టే ఉండేది. చేసిన పనిని మళ్లీ దాచుకోవాలని మగ్గం ఆయనకి ఏనాడూ చెప్పలేదు. "మా నాన్న తీగని నేనే పొయ్యిలో పెట్టించాను" అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

పాల్ కొంచెం తటపటాయించాడు. "సీడీలోంచి నడుస్తున్నా, ఆపబోతే చేసింది మిషన్‌లో దాచమంటారా అని తనే అడిగే సిస్టమ్ ఒకటుందండీ. కానీ..." అంటూ హలీమా వైపు చూశాడు.

"కుక్కదేనాండీ?" అంది ఆవిడ.

"కుక్కదేనండీ."

హలీమా కొంగు సర్దుకుంది. మొగుడి వీపు వైపు చూసింది. "పంటకీ మందకీ కాపలా అయితే కుక్కని పెట్టుకోవచ్చని మా పెద్దలు చెప్పారు మాస్టారూ. ఇది తీగకి కాపలా. పెట్టండి."

"కాయడానికి తీగేదీ?" అన్నాడు నాగూర్ గోడతోనే.

హలీమా లోపలికెళ్లి తన నమాజు తివాచీ తెచ్చింది. పెళ్లికి మామగారు మస్తాన్ నేసి ఇచ్చింది. ఇన్నేళ్లుగా ఆవిడ నుదురు ఆనిన చోట, మోకాళ్లు మోపిన చోట వెలిసిపోయింది. అంచు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ అంచు చుట్టూ సన్నజాజి తీగ, నాలుగు మూలల్లో నలగని నాలుగు పువ్వులు! రోజూ ఐదుసార్లు ఇంట్లో పరిచే దాన్ని నాగూర్ ఒక్కసారీ తలుచుకోలేదు. ఎదురుగా ఉన్నది కనిపించకపోవడానికి కంట్లో పొరే అక్కర్లేదు మరి.

పాల్ కుక్కపిల్ల సీడీ పెట్టాడు. అది మళ్లీ అరిచింది, హలీమా వినీ విననట్టు ఊరుకుంది. ఆపేటప్పుడు అడిగేదాకా ఆగొద్దని, మధ్యమధ్యలో మీరే సేవ్ నొక్కాలని ఈసారి పాల్ ఇద్దరి చేతా నొక్కించి మరీ చూపించాడు.

తివాచీ వెనకవైపు ముళ్లు వరసలు వరసలుగా విడివిడిగా కనబడతాయి. హలీమా తన చేతులతోనే దాన్ని తిరగేసి, మిషన్ పక్కన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"తెలుపు రెండు, ఆకుపచ్చ ఒకటి, మళ్లీ తెలుపు... వరస అయిందండీ. దాచారా?"

"దాచాను."

"నొక్కారా, నొక్కాననుకున్నారా?"

నాగూర్ మళ్లీ నొక్కాడు. సాయంత్రానికి మూల తిరిగింది. ఆపబోతే తెర మీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వచ్చింది.

"ఏమంటోంది?"

"దాచమంటావా అంటోంది."

"ఆ మాటా అడగాలా! దాచమనండి" అంది హలీమా.

మర్నాడు పొద్దున్న నాగూర్ మిషన్ జోలికి పోలేదు. నేరుగా పెరట్లో మగ్గం దగ్గరికెళ్లి, అక్కర్లేని ఉన్ని ఉండలు సర్దుతూ కూర్చున్నాడు. మళ్లీ ఖాళీ తెర చూడాల్సొస్తుందేమోనని భయం. కొంతసేపు చూసి, ఇక లాభం లేదని స్విచ్ హలీమానే వేసింది.

గదిలోంచి భౌ భౌమని వినబడింది. నాగూర్ చేతిలో ఉండ ఆగిపోయింది.

"ఏవండీ, మన కుక్క లేచింది" అని పిలిచింది హలీమా. "రండి, తీగ ఎక్కడిదక్కడే ఉంది."