కంబదూరు దారిలో ఆరుచుక్కల పురుగు

వానలు మొదలైతే చాలు, తల దించుకుని రోడ్ల వెంట నడిచే జబ్బు నన్ను పట్టుకుంటుంది. అంతా ఆరుచుక్కల పురుగు కోసమే. బొటనవేలంత ఉంటుంది, నల్లటి వీపు మీద ఆరు తెల్ల చుక్కలు. పురుగే గాని ఎగరలేదు. ఎక్కడికైనా కాళ్ల మీద పోవాల్సిందే. మా అనంతపురం పక్క గుట్టలు తవ్వీ, చేలకు మందులు కొట్టీ దాన్ని అరుదు చేసేశాం. మిగిలినవి తారురోడ్డు దాటబోయి టైర్ల కింద పడుతున్నాయి. రెండేళ్లుగా నాకు దొరికినవన్నీ రోడ్డుకు అతుక్కుపోయినవే. ఒక్కటన్నా నడుస్తుంటే చూడాలని పోయిన ఆదివారం బయలుదేరాను.

"సచ్చిన పురుగులు ఈడ గూడా ఉండాయి గదా, దానికి కంబదూరు దాకా పోవల్లా?" అంటూనే మా ఆవిడ సరోజ గొడుగు పట్టుకుని వెంట వచ్చింది.

ఆరున్నర బస్సు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి టికెట్టుకు డబ్బులు నేనొక్కణ్నే ఇచ్చాను. కిటికీ సీటు మాత్రం ఆమెది. ఎనిమిదికి కళ్యాణదుర్గంలో దిగి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. వెళ్లదలచినవాళ్లు అక్కడే కడుపునిండా తినండి, తర్వాత దారిలో ఏం దొరుకుతుందో చెప్పలేను.

కంబదూరు బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. కొర్ర కోతల కాలం. రైతులు కోసిన కొర్రను రోడ్డుకు ఒక పక్కగా పరిచి అంచున రాళ్లు పెడతారు. కళ్లంలో చేయాల్సిన పని బండ్ల చక్రాలే చేసిపెడతాయి. మొదటి కొర్ర కుడిపక్కన వచ్చింది. ఎడమ సగం ఖాళీగానే ఉన్నా మా డ్రైవరు పనిగట్టుకుని బస్సును దాని మీదికి తిప్పాడు.

"ఈ పక్క ఖాళీ ఉంది కదన్నా" అన్నాను.

"మనం తొక్కిచ్చి పోతే వాళ్లకు రెక్కల కష్టం తప్పుతాదన్నా. నా బస్సు కోసరమే కాసుకోనుంటారు" అన్నాడు. ఆ మనిషి నాకు అక్కడికక్కడే నచ్చేశాడు.

రెండో కొర్ర దగ్గర, ఒక గుట్ట వారగా దిగాం. ఆ కొర్ర నాగక్క అనే రైతుది. పంగలకర్రతో గడ్డి తిరగేస్తూ, "ఏం పోగొట్టుకున్యారన్నా, నేల చూస్తాండారు?" అని అడిగింది. చెప్పాను. "ఓ, అదా. ముట్టుకోవద్దప్పా, కండ్లల్లోకి మంటనీళ్లు చిమ్ముతాది" అంది.

పది దాటాక మొదట చూసింది సరోజే. రోడ్డు వార మట్టిలో, పొడుగు కాళ్ల మీద ఒళ్లు ఎత్తి పట్టుకుని, నాలుగడుగులు పరుగెత్తుతూ, ఆగుతూ వస్తోంది. ఇద్దరం కదలకుండా చూశాం. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఎండ చుర్రుమందేమో, నేరుగా పోయి నాగక్క కొర్ర కిందికి దూరింది.

అప్పుడే కంబదూరు నుంచి అదే బస్సు తిరిగి వస్తోంది. రోడ్డు పక్కన నిలబడి రెండు చేతులూ ఊపాను. డ్రైవరు నన్ను చూసి నవ్వాడు. వేగం తగ్గించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క కంకి వదలకుండా తొక్కించి, హారను కొట్టి వెళ్లిపోయాడు.

గడ్డి ఎత్తి చూస్తే నలిగిన వీపు మీద నాలుగు చుక్కలే కనిపించాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సరోజ కూడా ఎగతాళి చేయలేదు. మధ్యాహ్నం నాగక్క సంగటి, నంజుకోను శెనక్కాయల ఊరిబిండి పెట్టింది. అంత బాగున్నా ఒక ముద్దతోనే లేచాను.

నాలుగున్నరకు మళ్లీ అదే బస్సు, అదే డ్రైవరు. ఎక్కబోతూ జరిగింది చెప్పాను. అతని మొహం వాడిపోయింది.

"బాగా తొక్కిచ్చమని చేతులూపుతాండావనుకుంటినన్నా" అన్నాడు.

"ఉండండప్పా" అని నాగక్క తన కొర్రనంతా పంగలకర్రతో తిరగేసింది. ఒక కప్ప, రెండు మూడు కీచురాళ్లు బయటికి దూకాయి. "ఇంగ పో. బస్సొచ్చే ముందర ఒగతూరి ఇట్ల తిరగేస్తే సరి. గింజ గూడా బాగా రాలుతాది."

"పురుగు కోసరం బస్సు నిలిపినారంట. మా ఇంట్లో సానా ఉండాయి, తెచ్చిస్తా" అని వెనక సీటులో ఒక పెద్దమనిషి సణిగాడు.

కొంతదూరం పోయాక పొద్దున చూసిన మొదటి కొర్ర వచ్చింది. అక్కడ మనుషులెవరూ లేరు. డ్రైవరు బస్సు ఆపి, ఏం చేద్దామన్నట్టు మా వైపు చూశాడు. నేను లేచేలోగా సరోజ దిగేసింది. చెంగు నడుముకు దోపి, గొడుగుతో గడ్డి తిరగేస్తూ పోయి సగంలో ఆగింది. గొడుగు కొస దగ్గర నల్లగా ఏదో కదిలింది. ఆరు చుక్కలూ ఉన్నాయి.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. సణిగిన పెద్దమనిషే అందరికంటే ముందు కిటికీలోంచి తల బయటపెట్టాడు. మా సీమను కరువు సీమ అంటారు. ఒక పురుగు గడ్డిలోంచి బయటపడేదాకా బస్సెడు జనం కాచుకోవడం నేను ఇక్కడే చూశాను. నా సీమ మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది.

"అయిపాయనా వదినా? తొక్కిచ్చల్లా?" అని అడిగాడు డ్రైవరు.

"తొక్కిచ్చప్పా, బాగా తొక్కిచ్చు" అంది సరోజ.

బస్సు కొర్రను కరకరమనిపిస్తూ పోయి ఆ కొసన ఆమె కోసం ఆగింది. వెనక్కి తిరిగి చూశాను. పురుగు రోడ్డు రెండో సగం దాటుతోంది. సరోజ దానికి కాపలాగా గొడుగు తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా వచ్చిన ట్రాక్టరు ఆమె ముందు ఆగి ఉంది.