మా అత్తగారి ఇస్త్రీ బల్ల

మా అత్తగారు దర్జీ. నలభై ఏళ్లుగా ఆవిడ కుట్టిన చొక్కా భుజం దగ్గర ముడత పడిందని ఎవరూ అనలేదు. ఆ గొప్పలో సగం ఆవిడ బల్లదే అని నా అభిప్రాయం. మూరెడు పొడుగు చెక్క. ఒకవైపు చదును, ఇంకోవైపు చేప కడుపులా నున్నటి వంపు. దానికి కంబళి చుట్టి, పైన గుడ్డ కుట్టి, చొక్కా చేతులు దానిమీద ఇస్త్రీ చేస్తుంది.

నిజానికి అది సగం పడవ. ఆవిడ మామగారు పడవల వడ్రంగి. కాగితం మీద గీసుకోవడం ఆయనకు రాదు. మొదట పడవని నిలువునా సగమే చిన్నగా చెక్కుకుని, ఆ కొలతలు పెంచి అసలు పడవ కట్టేవాడు. రెండోవైపూ అంతేగా, చెక్క దండగ అనేవాడట. ఆయన కట్టిన ఆఖరి తెరచాప పడవ నీళ్లలో దిగాక, దాని నమూనా అయిన ఈ చెక్కని కొత్త కోడలి చేతిలో పెట్టాడు.

ఆ పడవ ఈమధ్య మరమ్మతుకొచ్చింది. లోపలి చట్రం కుళ్లి ఒళ్లంతా వంకరపోయింది. దాని అసలు రూపం చెప్పగలిగింది మా బల్ల ఒక్కటే. రేవులో వడ్రంగి వచ్చి బతిమాలినా, అత్తయ్య ఒక్క కుట్టు కూడా విప్పనివ్వలేదు. పాపం, అతను ఒకచోట సూది గుచ్చి కంబళి మందం చూసుకుని, అంతటా అంతే అనుకుని, అది తీసేసి కొలతలు రాసుకుపోయాడు.

కొత్త చట్రం నిలబెట్టి, మర్నాడు పలకలు బిగిస్తామని కబురు చేస్తే చూడ్డానికి వెళ్లాం. చట్రం చుట్టూ సన్నటి బద్దలు కట్టి ఉన్నాయి. అత్తయ్య కళ్లు మూసుకుని, వాటిమీద అరచెయ్యి జరుపుతూ నడిచింది. సగం దాటాక ఆగిపోయింది.

"ఇక్కడ బొద్దుగా ఉంది. మామయ్య పడవకి ఇక్కడ ఇంత ఒళ్లు లేదు."

వడ్రంగి తన కొలతల్లో తప్పు లేదన్నాడు. ఆవిడ ఊరుకుంటే ఊరుకోవచ్చు. పడవ ఎలాగూ తేలేది, కాకపోతే ఆయన పడవ అయ్యేది కాదు. నన్ను పంపి బల్ల తెప్పించి, కత్తెరతో తానే కుట్లు విప్పింది. ఆ చోట కంబళి రెండు పొరలుంది. దాని కింద, చెక్కమీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో నల్లటి మచ్చ.

"ఇచ్చిన రోజే కాల్చాను. ఆయన కంట పడుతుందని అక్కడ ఇంకో ముక్క వేసి కుట్టేశా."

నేను ఒక్క కాలరు మాడ్చినందుకు పదకొండేళ్లుగా వింటున్నాను. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అన్నారా! నవ్వబోయి, ఆవిడ ఆ మచ్చని కొంగుతో తుడవబోవడం చూసి ఆగిపోయాను.

వడ్రంగి మచ్చని వేలితో తడిమాడు. "పైపైన నల్లబడిందంతే, వంపు ఎక్కడికీ పోలేదమ్మా," అన్నాడు. బల్లమీద గోరంత తేడా పడవమీద బెత్తెడైందట. వారం కూర్చుని సరిచేశాడు.

పడవ నీళ్లలో దిగిన రోజు అత్తయ్య దాన్ని కొసనుంచి కొసదాకా చూసి, భుజంమీద చొక్కా కూర్చున్నట్టు కూర్చుందని మురిసిపోయింది. వంగి దాని పక్కమీద చెయ్యి వేసింది.

"మామయ్యా, ఆ బల్ల కాల్చింది నేనే," అంది.

ఆ రోజునుంచీ నా కాలరు సంగతి ఎత్తలేదు.