ఆపని కారు

మా అన్న ప్రేమ్ కుమార్‌కు గేర్ మార్చనీకి ఎడమకాలుతోని పని లేదు, చెవి చాలు. ట్రాక్టర్ మీద నేర్చిండు. ఇంజన్ మోత ఇనుకుంట, ఎక్సలేటర్ జర ఇడిచి, క్లచ్ తొక్కకుండనే గేర్ ఏస్తడు. కిర్రుమనదు, గుంజదు. చేవెళ్లల బాల్‌రాజ్ పటేలు గిది చూసే డ్రైవర్‌గ పెట్టుకున్నడు. చుట్టాలొస్తే కారుల ఎక్కిచ్చుకోని, అన్నతోని గట్ల గేర్లు మార్పిచ్చి మురిసేటోడు. మా అన్న గూడ మురిసేటోడు. గదే నాకు మంట.

మొన్న ఎండకాలం పొద్దుగాల బాపుకు ఛాతిల నొప్పి లేసింది. అన్నకు ఫోన్ చేసిన. పటేలును అజీజ్‌నగర్ ఫంక్షన్ హాలుకు తీస్కపోతున్న, మిమ్ములను మొయినాబాద్ దవాఖాన కాడ దించుత, రోడ్డు మీదికి రాండ్రి అన్నడు. నేను, అవ్వ చెరో రెక్క వట్టుకోని బాపును ముడిమ్యాల తొవ్వ కలిసే కాడికి తెచ్చినం. ఒక ఆటో ఆగితే, మా కొడుకు కారు తెస్తున్నడని అవ్వ పంపిచ్చేసింది.

కారొచ్చింది. అవ్వ చెయ్యెత్తింది. అన్న మా దిక్కు చూసిండు, నేను ఒట్టేసి చెప్త. ఆపలే. పోయిండు.

ఇంకో ఆటో దొరికింది గని, తొవ్వలనే బాపు నా ఒళ్లె పానం ఇడిసిండు.

ఫోన్ పెట్టేసినంక క్లచ్ వైరు తెగిందట. ఆపితే బండి మళ్ల కదలదట. అన్న అవ్వ కాళ్ల కాడ గూసోని గిదే చెప్పి ఏడ్చిండు. అవ్వ నమ్మింది. చుట్టాలు అన్నను తిడితే, బండి చెడిపోతే పిలగాడేం జేస్తడని మీదికి లేసేది. నేను గూడ నోరు మూసుకున్న.

బాపు జ్ఞాపకార్థ కూడికకు పటేలు వచ్చిండు. కుర్చీల గూసోని చాయ తాగుకుంట అన్నను ఒకటే మెచ్చుకునుడు.

"గసొంటి డ్రైవర్ జిల్లాల లేడు. మీ ముడిమ్యాల తొవ్వ ఇంక రానేలేదు, బర్లు అడ్డమొచ్చి బండి ఆగిపోయింది. ఇగ పెండ్లికి అందనట్టే అనుకున్న. క్లచ్ తెగినా సరే, ఫస్ట్ గేర్ల ఉంచే తాళం తిప్పిండు, ఎగిరి దుంకి పోయింది! ఇగ ఏడ ఆపకురా అన్న. మాట ఇన్నడు."

అవ్వ చేతిల చాయ గిన్నె ఉన్నది. దాన్ని కింద పెట్టి అన్న దిక్కు తిరిగింది.

"బర్లకు ఆపినవా, బిడ్డా?"

అన్న పటేలుకు ఇంకింత చాయ పొయ్యమని నాకు చెప్పిండు.