గడప బయటి ముద్ద

మా మేనత్త పోయింది. తనకల్లుకు అవతల ఒక పల్లెలో, మునుపెన్నడూ చూడని వాళ్ళ అరుగు మీద, ఇచ్చిన మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెట్టి, అట్లే గోడకు ఒరిగిపోయిందట. ఆ ఇంటివాళ్ళు బెదిరిపోయారు గానీ, కబురు ఎవరికి చేయాలో వెదుక్కోవలసిన పని పడలేదు. వచ్చి కూర్చున్న కాసేపటికే మాది ఏ ఊరో, తాను ఎవరి బిడ్డో, అన్న ఎవరో, మా తాతల తాతలు ఎక్కడినుంచి వచ్చారో అంతా వాళ్ళకు చెప్పేసింది. మా పెద్దనాయన నాకు ఫోన్ చేసి, "మీ అత్త పోయింది, రా" అని పెట్టేశాడు. ఆయన మాట ఎప్పుడూ అంతే, పొడిగా ఉంటుంది.

బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపు కంటే ముందు ఒక దిగులు పట్టుకుంది. వచ్చే పెద్దల అమావాస్యకు ఆమెకు కూడు ఎక్కడ పెడతారు? ఇది చదివేవాళ్ళకు విడ్డూరంగా ఉండొచ్చు. మా ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

అత్త మా ఊరి ప్రైమరీ స్కూల్లో టీచరు. చిన్న వయసులోనే మొగుడు పోయి, పిల్లల్లేక, పుట్టింటికి వచ్చేసింది. తొంభైల చివర్లో రిటైరైంది. ఆ వయసులో ఆమె తోటివాళ్ళు పుట్టపర్తికి పోయి భజనల్లో కూర్చునేవాళ్ళు. ఈమె మాత్రం సంచిలో ఒక నీళ్ళ సీసా, వక్కాకు పొట్లం పెట్టుకుని ఊళ్ళు పట్టుకుని తిరిగేది. ఎవరు ఎక్కడినుంచి వచ్చారు, ఎందుకొచ్చారు, ఎవరికి ఎవరేమవుతారు, ఇదే ఆమె లోకం. రాసిపెట్టుకోవచ్చు కదత్తా అంటే, "రాసుకుంటే మర్చిపోతా కోడలా" అనేది.

ఎవరింటికి పోయినా చచ్చిపోయినవాళ్ళ గురించి నేరుగా అడిగేది కాదు. ముందు ఆడవాళ్ళను పుట్టిల్లు యాడని అడిగేది. తర్వాత, మీ ఇంట్లో పెద్దలకు ఏం పెడతారని. "పేర్లు దాస్తారు గానీ వంటలు దాయరు" అనేది నవ్వుతూ. మా ఊళ్ళో ఒక కుటుంబం పెద్దల విస్తట్లో ఎండుచేపలు పెట్టేది. గుక్కెడు నీళ్ళకు అలమటించే ఊళ్ళో చేపలేమిటని అందరూ వాళ్ళను ఎగతాళి చేసేవాళ్ళు. అత్త వాళ్ళ మూలాలు వెదుక్కుంటూ పోయి శింగనమల చెరువు పక్క పల్లెలో తేలింది. అక్కడ వాళ్ళ దాయాదులు ఇంకా చేపలే పెడుతున్నారు. ఆ రెండు ఇళ్ళవాళ్ళు మళ్ళీ రాకపోకలు మొదలుపెట్టినప్పుడు అత్త చిన్నపిల్లలా మురిసిపోయింది.

మా నాయన పోయాక ఆ తిరుగుడులో ముచ్చట పోయింది, పట్టుదల మిగిలింది.

నాయన అత్తకు తమ్ముడు. ఆ ఏడు వానలు మొండిచెయ్యి చూపాయి. వేసిన చివరి బోరులోనూ దుమ్మే లేచింది. వేరుశనగ బుడ్డల చేను ఊడలు దిగకుండానే ఎండింది. దానికి కొట్టడానికని తెచ్చిన మందును ఆయన చేలోనే తాగాడు. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. ఇంతకంటే చెప్పలేను, ఇప్పటికీ నోరు రాదు.

మా వైపు పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్ళ పేర్లు పలికి, విస్తరి వేసి, వండినవన్నీ వడ్డిస్తాం. అదయ్యాక మా ఇంట్లో ఇంటిపెద్ద ఒక రాగిముద్ద తీసుకుపోయి గడప బయట ఉత్త బండ మీద పెట్టి వస్తాడు. అదెందుకని చిన్నప్పుడు అడిగితే ఒకరు దిష్టికన్నారు, ఒకరు కుక్కకన్నారు. కుక్క తినేది కూడా. ఎవరూ అదిలించేవాళ్ళు కారు.

నాయన పోయిన ఏడు అమ్మ ఆయన కోసం విస్తరి వేసింది. పెద్దనాయన దాన్ని తీసి పక్కన పెట్టాడు. ఆ సావు చచ్చినవాళ్ళను లోపలికి పిలిస్తే ఇంట్లో ఇంకొకరు అదే దావ పడతారని అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఒళ్ళు మండింది. అత్త మాత్రం ఒకటే అడిగింది: "అన్నా, మన ఇంట్లో ఇంతకు ముందర ఎవరూ ఇట్ల పోలేదా?" పెద్దనాయన లేదన్నాడు.

అత్త నమ్మలేదు. మా ఇళ్ళకు కొన్నేళ్ళకొకసారి వంశం చెప్పేవాళ్ళు వస్తారు. కంబళి పరిచి కూర్చోబెడితే, గోత్రం మొదలుకుని మగవాళ్ళ పేర్లన్నీ పాడినట్టు చెప్పి, గింజలు, బట్టలు తీసుకుని పోతారు. కదిరి దగ్గర ఉండే అట్లాంటి ఒక ముసలాయన ఇల్లు వెదుక్కుంటూ పోయి, అత్త మా వంశమంతా మళ్ళీ చెప్పించుకుంది. పెద్ద కరువు నాటి అన్నదమ్ముల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ఒక పేరు మింగినట్టయిందట. అత్త వదల్లేదు. చివరికి ఆయన, ఒక పేరు పలకొద్దని మీ పెద్దలే మా పెద్దలకు చెప్పినారమ్మా, ఆ పేరు మావరకూ రాలేదు, ఆయన పెండ్లాం బిడ్డలు మాత్రం కర్ణాటక దిక్కు పోయినారని చెప్పినాడు.

సరిహద్దు అవతలి పల్లెల్లో ఎన్ని ఇళ్ళ ముందు కూర్చుందో నాకు తెలియదు. ఎక్కడైనా ఆమె అడిగింది వంట గురించే. ఒక ఇంట్లో ఒక ముసలమ్మ, అమావాస్య నాడు మేము గడప బయట ఒక ముద్ద పెడతామని చెప్పింది. పెట్టేటప్పుడు ఏమంటారని అత్త అడిగింది. "మల్లప్ప తాతా, కోపం పెట్టుకోవద్దు, తిను, అంటాము" అందట ఆ ముసలమ్మ.

మిగతా కథా ఆమె నోటే తెలిసింది. మల్లప్ప మా ముత్తాతకు తమ్ముడు, పలకొద్దన్న ఆ పేరు ఆయనదే. కరువులో పిల్లల నోటికాడి కూడు తాను తినాల్సి వస్తోందన్న సిగ్గుతో బావిలో దూకినాడు. అన్నదమ్ములు పేరు తీసేశారు. ఊరు విడిచిపోయే ముందు ఆయన భార్య మా గడప బయట మొదటి ముద్ద పెట్టింది. ఆమె పోయాక కూడా ఆ ముద్ద ఆగలేదు. పేరు ఒక్కటే ఆగిపోయింది. మనిషికి పెట్టిన కూడును మేము తరాల తరబడి కుక్కకని చెప్పుకుంటూ వచ్చాం.

అత్త ఇదంతా పెద్దనాయన ముందు కూర్చుని చెప్పింది. మల్లప్పకు చేసింది తప్పని, తమ్మునికి అట్లా చేయొద్దని బతిమాలింది.

"తప్పంటాండావు నువ్వు," అన్నాడు పెద్దనాయన. "ఆయన్ను బయట పెట్టబట్టే ఇన్నాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ ఆ దావ పట్టలేదంటాను నేను. నాకూ కొడుకుండాడు. వాడూ బోర్లు ఏపిస్తాండాడు. నీ తమ్మునికీ ఆ ముద్దే."

అత్త అంత తిరిగి తెచ్చిన మాటనే ఆయన తమ్ముడి మీద తలుపు మూయడానికి వాడుకున్నాడు. అత్త మొహం నల్లబడిపోయింది. కొడుకు మాట ఎత్తినప్పుడు పెద్దనాయన కళ్ళలో భయం చూశానని మాత్రం తర్వాత నాతో చెప్పింది. నాకు ఆ భయం మీద జాలి కలగలేదు.

"అయితే నాకూ ఆడనే పెట్టన్నా," అని అత్త లేచి వచ్చేసింది.

అప్పటినుంచి ప్రతి అమావాస్యకు అత్త బండ పక్కన కూర్చునేది. లోపల పేర్లు పలుకుతుంటే, బయట ఈమె మల్లప్పనూ మా నాయననూ పిలిచేది. మా నాయనను చిన్నప్పుడు పిలిచినట్టు "చిన్నోడా" అనేది. కాకులు తినేదాకా కుక్కను రానిచ్చేది కాదు. దారిన పోయేవాళ్ళు టీచరమ్మకు మతి తప్పిందన్నారు. నాకు మాత్రం ఏడాదికొకసారి మా నాయనను గట్టిగా పిలిచే పిలుపు వినపడేది అక్కడే. ఆ రుణం నేను తీర్చుకోలేను.

నాయన గురించి నేను ఎప్పుడు ఏడ్చినా ఆమె ఓదార్చేది కాదు. ఆయన చిన్నప్పటి సంగతి ఏదో ఒకటి చెప్పేది. ఈత రాకుండానే బావిలో దిగి అరిచినది, బళ్ళో అక్క టీచరైతే తనను కొట్టరనుకుని ఎగిరి దెబ్బలు తిన్నది. "సచ్చిన పొద్దొకటే పట్టుకోని ఏడుస్తావేమే, బతికిన పొద్దులు లేవా" అని కసిరేది. ఇట్లా కసిరే మనిషి నాకు ఇంకెవరూ లేరు.

ఈసారి అమావాస్యకు నేను ముందురోజే పోయాను. మెట్టినింటివాళ్ళు ఆమెను ఎప్పుడో మరిచిపోయారు. పుట్టింట్లో పెళ్ళైన ఆడబిడ్డకు పెద్దల్లో చోటు లేదు. పెద్దనాయన ఎప్పటిలాగే లోపల పేర్లు పలికాడు. అందులో మా నాయన పేరు లేదు, అత్త పేరు లేదు. నేను పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను.

తర్వాత ఆయన ఒక విస్తరి తీసుకుని బయటికి నడిచాడు. మునుపు ఆ బండ మీద ఎన్నడూ విస్తరి వేసింది లేదు. దాన్ని పరిచి, ఒకటి కాదు, మూడు ముద్దలు పెట్టాడు. పేర్లు పలకలేదు. పెదవులు కదిలాయో లేదో నాకు కనపడలేదు. లోపలికి వస్తాడనుకుంటే, మూలనున్న కట్టె తీసుకుని బండ పక్కనే నిలబడ్డాడు.

ఎండ చురచురలాడుతోంది. అమ్మ గడప దగ్గరికి వచ్చి, కుక్క తింటే తినిందిలే బావా, లోపలికి రా అంది.

"అది కుక్కకు పెట్టింది కాదమ్మా," అన్నాడు ఆయన, తల తిప్పకుండా.

వీధి కుక్క కానుగ చెట్టు నీడలో కూర్చుని విస్తరి వైపే చూస్తోంది. కాకి ఇంకా రాలేదు. పెద్దనాయన తలమీద గుడ్డైనా లేకుండా, కట్టె రెండు చేతులా పట్టుకుని, ఆ మూడు ముద్దలకు కావలి కాస్తూ నిలబడి ఉన్నాడు.