సాన మిషన్‌కు నేను పెట్టని బొట్టు

ఆ సాన మిషన్‌ను బాగు చేసింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తాను. ఎందుకంటే ఇప్పుడు మక్తల్‌లో ఎవరినడిగినా మా వదిన తమ్ముడి పేరే చెబుతారు.

రాయచూరు రోడ్డు మీద మా బాపుకు వెల్డింగు దుకాణం ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో పొలాల్లో తోలే గుంటకల పాసలు, కొడవళ్లు, గొడ్డళ్లు అక్కడే పదునెక్కేవి. మోటారుకు అటొక రాయి, ఇటొక రాయి ఉన్న పెద్ద ఇనుప మిషన్ అది. మూతపడిన ఏదో ఫ్యాక్టరీ నుంచి బాపు కొనుక్కొచ్చాడట. ఒక్క మనిషి లేపలేడు. బాపుకు చేతుల వణుకు ముదిరాక దుకాణం అన్న చేతికి వచ్చింది. అన్నకు గేట్లు, కిటికీ గ్రిల్లుల మీదే ధ్యాస. ఒకనాడు మిషన్ ఆగిపోతే తీయించి వెనక రేకుల కింద పడేయించాడు. వాన జల్లులకు తడిసి అది జంగు పట్టిపోయింది.

మా ఆయన హైదరాబాద్‌లో టిప్పర్ నడుపుతాడు, వీలు దొరికినప్పుడు వస్తాడు. నేను మక్తల్‌లోనే కిరాయింటి వరండాలో జాకెట్లు కుట్టేదాన్ని. ఇల్లుగలామెకు నా కుట్టుమిషన్ చప్పుడు పడదు, నా దగ్గరికి వచ్చేవాళ్ల చెప్పులు పడవు. రోడ్డు మీద నాకంటూ కొంచెం జాగా ఉంటే చాలని ఎంత అనుకునేదాన్నో! కత్తెర మొద్దుబారితే నారాయణపేట బస్సెక్కాలి. ఊళ్లో దర్జీలందరిదీ అదే గోస. ఆ బస్సులో కూర్చుని విసుక్కుంటున్నప్పుడే నాకు బాపు మిషన్ యాదికొచ్చింది. దుకాణం ముందు మూలన కూర్చుంటే కుట్టుపనీ సాగుతుంది, కత్తెరలు సాన పట్టడమూ సాగుతుంది కదా అనిపించింది.

అన్నను అడిగితే ముందు నవ్వాడు. తర్వాత బాపు మొహం వైపు చూసి, “సరే, నడిపియ్యి సూద్దాం. నడిస్తె మిషన్ నీదే, ముందల జాగా గూడ నీదే” అన్నాడు. బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. నేను చెప్తుంటా, అది చేస్తది అన్నాడు.

పానా పట్టుకోవడం కూడా తెలియని దాన్ని నేను. జాకెట్లు కుట్టడం అయ్యాక పోయి, రేకుల కింద బాపు కుర్చీ పక్కన నేల మీద కూర్చునేదాన్ని. డీజిల్‌లో గుడ్డ ముంచి తుడవడం, తీగల బ్రష్‌తో గీకడం, మళ్లీ తుడవడం. ఎర్రటి పొడి ముక్కులోకి పోయి తుమ్మితే ఎర్రగా వచ్చేది. కుడి రాయి నట్టు ఊడింది. ఎడమది మాత్రం నేనెంత బలంగా తిప్పినా కదల్లేదు. అరచేతులు పొక్కాయి, ఏడుపు కూడా వచ్చింది. బాపు అంతసేపూ చూసి చూసి నవ్వుతూ, ఎడమ పక్క మర ఉల్టా ఉంటది, నువ్వు విప్పుతలేవు, బిగిస్తున్నవ్ అన్నాడు. ముందే చెప్పొచ్చు కదా అని నేను మండిపడితే, చెప్తే యాది ఉండదు బిడ్డా అన్నాడు. ఆయన ఒళ్లంతా కదిలేలా నవ్వి చాలా కాలమైంది, అందుకని నా కోపం నిలవలేదు.

మోటారు వైండింగు మాత్రం బయట చేయించాను. బేరింగులు, కండెన్సర్ మహబూబ్‌నగర్ పోయి తెచ్చాను. నా కుట్టు డబ్బులే పెట్టాను, దాని గురించి నాకు బాధ లేదు. కొత్త రాళ్లు ఎక్కించే ముందు బాపు ఒక్కొక్కదాన్నీ వేలికి తగిలించి స్క్రూడ్రైవర్ కట్టెపిడితో కొట్టమన్నాడు. గంటలా మోగితే మంచి రాయి, మొద్దుగా వినబడితే లోపల పగులున్నట్టు. కళ్లు మూసుకుని వినమనేవాడు, తానూ మూసుకునేవాడు. మొదటిసారి స్విచ్చు వేసేటప్పుడు రాయికి ఎదురుగా నిలబడనివ్వలేదు. పక్కకు జరుగు, ఇంకా జరుగు అని కుర్చీలోంచే అరిచాడు. మిషన్ గుర్రుమని, కొంచెం వణికి, తర్వాత సన్నగా పాడినట్టు తిరిగింది. బాపు కళ్లలో నీళ్లు. నావీ ఆగలేదు. మొట్టమొదట నా కత్తెరే పట్టాను. పాత చీర ముక్క దాని అంచు తగలగానే తెగిపోయింది. ఆ పూట నా అంత గొప్పవాళ్లు ఎవరూ లేరనుకున్నాను.

దసరా దగ్గర్లోనే ఉంది. పండుగ పోయాక ముందు మూలన కూర్చోవచ్చని అన్న చెప్పాడు. నేను తెలిసిన దర్జీలందరికీ చెప్పుకొచ్చాను, ఇల్లుగలామెకు కూడా కాస్త తల ఎగరేసే చెప్పాను.

మా దుకాణంలో ఒక పద్ధతుంది. దసరా పొద్దున ఏ మిషన్ ఎవరు నడుపుతారో వాళ్లే దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతారు. ఆ తర్వాత ఏడాదంతా ఆ మిషన్ వాళ్లది, ఇంకొకరు ముట్టరు. నేను తలస్నానం చేసి, బంతిపూల దండ నేనే గుచ్చుకుని పోయాను. అన్న వెల్డింగు మిషన్‌కు కొట్టాడు. డ్రిల్లుకు దుకాణంలో పనిచేసే అతను కొట్టాడు. నేను కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని సాన మిషన్ ముందుకు పోతే, అన్న నా చేతిలోంచి మెల్లగా దాన్ని తీసుకుని వదిన తమ్ముడికి ఇచ్చాడు. ఆ పిల్లగాడికి ఏ పనీ కుదరక ఇంటి దగ్గరే ఉంటున్నాడని నాకూ తెలుసు. అతను పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు, కాయ కొట్టాడు. నా దండే వేశాడు. అందరూ నా వైపు చూడకుండా ఎటో చూస్తున్నారు. అంటే నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట.

ఒళ్లు మండిపోయింది. నలుగురిలోనే అన్నను అడిగాను. నన్నడుగుతవేంది, బాపు చెప్పిండు, బాపునడుగు అని పక్కకు పోయాడు.

బాపు ఇంట్లో మంచం మీద ఉన్నాడు. తప్పించుకోలేదు. ఆడపిల్ల రోడ్డు మీద కూర్చుని సాన పడితే నలుగురూ ఏమంటారన్నాడు. రేపు నీ మొగుడు పట్నం రమ్మంటే పోతావు, దుకాణం మిషన్ దుకాణంలో ఉండాలన్నాడు.

“మరి నాకెందుకు నేర్పినవ్ బాపు?”

“నా చేతులు పోయినయి గద బిడ్డా. అది మల్ల తిరుగుతుంటె సూడాల్నని పానం కొట్టుకున్నది. నీ చేతులతోని నేనే జేసిన.”

“జాగా నీదే అని అన్న అన్ననాడు నువ్వు పక్కనే ఉన్నవ్.”

“గట్ల అనకుంటె నువ్వు దాన్ని ముట్టేటిదానివా?”

ఏ బేరింగుకు ఏ గ్రీజు పెట్టాలో చెప్పినంత నిమ్మళంగా చెప్పాడు ఆ మాట. అన్న మోసం చేస్తే తిట్టి ఊరుకునేదాన్ని. రేకుల కింద నాతో నవ్విన మనిషి, రాయి పగిలి నాకు తగులుతుందని అరిచిన మనిషి, మొదటిరోజు నుంచీ తెలిసే నన్ను కూర్చోబెట్టాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అమ్మేమో, ముసలాయన మీద పంతమేంది, సర్దుకో అంటుంది. నేను సర్దుకోలేదు.

సాయంత్రం అందరం జమ్మికి పోయి వచ్చాం. జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి. వదినకు పెట్టాను, అన్నకు పెట్టాను, మొక్కాను కూడా. వాళ్ల మీద నాకు అంత ఆశ ఎప్పుడూ లేదు. బాపు చెయ్యి చాపాడు. ఆ చేతిలో ఏదీ నిలవదు. అందుకని ఏటా ఆకు పెట్టి, నా రెండు చేతులతో ఆయన వేళ్లు మూసి, కాసేపు అలాగే పట్టుకునేదాన్ని. ఆయన దానికోసమే నా మొహంలోకి చూస్తున్నాడు.

ఆకు పెట్టాను. నా చేతులు వెనక్కి తీసుకున్నాను.

వణుకుకు ఆకులు ఒక్కొక్కటే ఆయన ఒళ్లో రాలాయి. “జర పట్టుకో బిడ్డా” అన్నాడు. నేను చెప్పులేసుకుని కిరాయింటికి వచ్చేశాను.