మేస్త్రి ఆపించిన గంట

మా మిల్లు మేస్త్రి పోయాడు. నేను కోదాడ బస్సులో ఉండగా ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. సూర్యాపేట దవాఖానలో ఊపిరి అందలేదట. ఊపిరితిత్తుల నిండా దుమ్మేనని డాక్టరు అన్నాడట. బతుకంతా ఊక దుమ్ము మింగినవాడికి ఇంకేం ఉంటుంది లోపల?

మా యజమానికి మిర్యాలగూడ, నేరేడుచర్ల, కోదాడల్లో మూడు రైస్ మిల్లులు. వడ్లు నిల్వ చేసే పెద్ద ఇనుప డబ్బాను మేం బిన్ను అంటాం. కింద తూము తెరిచి ఉన్నప్పుడు అందులోకి దిగితే వడ్లు మనిషిని లోపలికి లాగేసుకుంటాయి. ఒకసారి ఒక హమాలీ అట్లా కూరుకుపోయి చచ్చాడు. ఆ తర్వాత మేస్త్రి యజమాని ఆఫీసు మెట్ల మీద మూడు రోజులు కూర్చున్నాడు. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా మిల్లు గంటసేపు ఆపి, వాళ్లకు జాగ్రత్తలు చెప్పేటట్టు ఒప్పించాడు.

ఆ గంట కోసం ఆయన రెండు రోజులు తయారయ్యేవాడు. మిల్లంతా తిరిగి ఎవరు ఎక్కడ తప్పు చేస్తున్నారో చూసి, చెప్పాల్సింది ఒక్కటే ఎంచుకునేవాడు. బీహారోళ్ల కోసం నాలుగు హిందీ ముక్కలు తెలుగు అక్షరాల్లో రాసుకుని, టీ కొట్టు దగ్గర వాళ్లలో ఒకడికి వినిపించి దిద్దించుకునేవాడు. హాజరు సంతకాలు చివరికే. తాడు నడుముకు కట్టుకుని దిగి చూపించినవాడికే పెన్ను. ముందే సంతకం పెట్టించుకుంటే మనిషి ఈడ, మనసు బీడీ కాడ ఉంటదనేవాడు.

నేను పదో తరగతి ఆపేసి ఊడ్చే పనికి వచ్చినదాన్ని. మాట గట్టిదని నన్నూ చెప్పమన్నాడు. ఫోన్‌లో వీడియోలు చూసి ఇరవై స్లైడ్లు చేశాను. నేరేడుచర్లలో తెర వైపు తిరిగి అన్నీ గడగడా చదివేశాను. వెనక ఎవరో గురక పెట్టారు, అందరూ నవ్వారు. బయటికొచ్చాక ఆయన అన్నాడు:

"గోడకు చెప్పినవ్ బిడ్డా. గోడ బిన్నుల దిగుతదా?"

ఒళ్లు మండింది. మీరు పెద్దోళ్లు కాబట్టి మీరు చెప్తే వింటరు అన్నాను.

"ఇనరు. నేనే వాళ్ల మాట ఇంట. మొదలు ఆఖరి వరసోళ్ల పేర్లడుగు. ఏ పనంటే భయమైతదో అడుగు. గాడికెల్లి షురూ చెయ్."

అట్లాగే మొదలుపెట్టాను. మనుషులు కళ్లెత్తి చూశారు. నాకు తెలిసిన చదువు అదొక్కటే, ఇచ్చింది ఆయనే.

ఆయన దినం కాకముందే కోదాడ మిల్లుకు కొత్తవాళ్లు వచ్చారు. నేను వెళ్లేసరికి గేటు దగ్గరే సంతకాలు అయిపోయాయి. మేనేజర్ ఫోటో తీయడానికి నిలబడ్డాడు.

"పది నిమిషాల్లో ముగించెయ్యమ్మా. మిల్లు ఆపేది లేదు."

"గంట ఆపుతమని మేస్త్రికి ఒప్పుకున్నరు గద సార్."

"ఆయనకి ఒప్పుకున్నాం. ఆయన లేడుగా."

తిట్టాను. అరిచాను. మేనేజర్ మా ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. గొంతు చిరిగేలా చెప్తూనే ఉన్నాను. వెనక వరసలు ఒక్కొక్కటే లేచిపోయాయి. గరిడేపల్లి నుంచి వచ్చిన ఒకామె మాత్రం ముందు నిలబడి ఉంది. ఆ మధ్యాహ్నం నుంచి ఆమె పని బిన్ను దగ్గరే. అరచెయ్యి చెవికి ఆనించి, నా పెదాలనే చూస్తూ, వినబడని ప్రతి మాటకూ తలూపుతోంది.