చెలిమ గోడలో అంగారకుడు

టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో నేను సైన్సు చెప్తాను. చెప్తున్నాననే నా నమ్మకం. మొన్న మార్చిలో తొమ్మిదో తరగతికి, అంగారకుడి మీద ఒకప్పుడు నదులు పారాయని, వాటికి ఒడ్డులు కూడా ఉండేవని గొప్పగా చెప్పాను. వెనక బెంచీ పిల్ల లేచింది.

"అక్కడ చుక్క నీళ్లు లేవంటిరి. మనిషి పోలేదంటిరి. మరి వాగు పారింది ఎవరు చూసిండ్రు సార్?"

"పుస్తకంలో ఉందమ్మా."

"పుస్తకం చూసిందా సార్?"

నీళ్లు లేని గ్రహం గురించి అన్ని నీళ్లు నమిలినవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను. రేపు చెప్తానన్నాను. ఆ పిల్ల కూర్చుంది గాని, మొహంలో నమ్మకం లేదు. పిల్లలు నవ్వినా ఫర్వాలేదు. నన్ను అడగడం దండగ అనుకుంటేనే భయం.

తెల్లారి బోరు మోటారు కాలిపోయింది. వంటచేసే అక్క, ఎండిన వాగు ఇసుకలో చెలిమ తవ్వి నీళ్లు తోడుకొస్తానని బయలుదేరింది. నేనూ పార పట్టుకుని వెంటపడ్డాను. నున్నగా, చల్లగా కనిపించిన చోట మోకాలిలోతు తవ్వితే బురద ఊరింది.

"ఏంది సారూ, బర్రెను పండవెడ్తవా అండ్ల? గది నీళ్లు నిలిచిన జాగ, ఒండ్రే ఉంటది. పారిన జాగల తవ్వాలె."

"పారిన జాగ ఎట్లా తెలుస్తుందక్కా?"

కాస్త అవతల ఇసుకను నిలువుగా కోసింది. ఆ గోడలో సన్నటి చారలు, అన్నీ ఒకే దిక్కుకు వాలి.

"గిట్ల వాలినయంటె నీళ్లు గటు పోయినట్టు. గులకరాళ్లు జూడు, దొర్లి దొర్లి నున్నగైనయ్."

"వరదొచ్చినప్పుడు చూశావా?"

"గంత వానల నేనెందుకొస్త? తలుపేస్కొని ఇంట్ల పన్న."

అంగారకుడి మీద తిరిగే యంత్రం పంపిన ఫొటోలు గుర్తొచ్చాయి. వాలిన పొరలు, అరిగిన గులకరాళ్లు, ఒడ్డున అలలు వదిలిన ముడతలు. ఎన్నిసార్లు చూశానో! చూడటమే, చదవలేదు.

తరగతిని వాగులోకే పిలిపించాను. ఫోన్లో అంగారకుడి ఫొటో తెరిచి చెలిమ గోడ పక్కన పట్టుకుని, అక్కనే చెప్పమన్నాను.

"నేను గంజి వార్చేదాన్ని, నాకేం తెలుసు?" అంటూనే అంతా చెప్పింది. ఏళ్లు చదివి నేను చెప్పలేనిదాన్ని నాలుగు మాటల్లో చెప్పినందుకు, మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆ పిల్ల గోడ చూసింది, ఫోను చూసింది. ఫొటోలోని రాతి చారల వెంట వేలు నడిపింది. "అయితే ఇక్కడ ఎడమకు పారినయ్."

"అవ్," అంది అక్క తొంగిచూసి.

"మరి ఆ నీళ్లన్నీ ఎటు పోయినయ్ సార్?"

మళ్లీ నన్నే అడిగింది! ప్రాణం లేచొచ్చింది.

"పూర్తిగా ఇంకా ఎవరికీ తెలియదమ్మా," అన్నాను.

ఈసారి నమ్మింది.